సీడా ఒప్పందం ఊరి రిజిస్టర్ దాకా చేరే దారి

1993లో మూడు సంగతులు జరిగాయి. ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో కనీసం మూడోవంతు సీట్లు ఆడవాళ్లవే అని అప్పటి నుంచి రాజ్యాంగమే చెబుతోంది. జూలై 9న మన దేశం ఐక్యరాజ్యసమితి 'మహిళలపై అన్ని రకాల వివక్షల నిర్మూలన ఒప్పందం', అంటే సీడాను లాంఛనంగా ఆమోదించింది. ఆ ఒప్పందం మీద 1980 జూలై 30నే సంతకం చేసినా ఆమోదానికి పదమూడేళ్లు పట్టింది. అదే 1993లో మహిళా సమత కార్యక్రమం ఉమ్మడి రాష్ట్రంలో మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి పని మొదలుపెట్టింది. కార్యకర్తలు పాలమూరు ఊళ్లకు వెళ్లి పేద మహిళలతో, ముఖ్యంగా దళితవాడల వాళ్లతో కూర్చుని సంఘాలు కట్టించారు. అప్పు ఇప్పిస్తామనో స్కీము తెచ్చామనో చెప్పలేదు. మీకు ముందు ఏం కావాలో మీరే తేల్చుకోండి అన్నారు.

ఈ మూడూ ఒకే ఏడాది పుట్టాయి గానీ ఒకే ఇంటి పిల్లల్లా పెరగలేదు. రిజర్వేషన్ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. సంఘం సంగతి అంతకన్నా బాగా తెలుసు. సీడా మాత్రం సెమినార్ హాళ్లలో, ఐక్యరాజ్యసమితికి పంపే నివేదికల్లో ఉండిపోయింది. నిజానికి పత్తి చేన్లో కూలికి పోయే మనిషి గురించి, ఆమె భూమి గురించి, పెళ్లి వయసు గురించి, నీళ్ల గురించి ఆ ఒప్పందంలో నేరుగా రాసి ఉంది. 14వ అధికరణం మొత్తం గ్రామీణ మహిళల మీదే.

అంతర్జాతీయ హామీని దేశంలో అమలు చేయడం అంటే కొత్త చట్టం తేవడమే అనుకుంటారు చాలామంది. చట్టాలకు మనకు కొదవ లేదు. ఒప్పందంలోని ఒక్కో వాక్యం ఏ ఆఫీసు చేతికి వచ్చింది, ఏ అధికారి బాధ్యత అయింది, ఏ రిజిస్టర్‌లో ఎక్కింది, ఏ పద్దు కింద డబ్బు పడింది అని వెతికి పట్టుకోవడం కష్టమైన పని. ఆ వెతకడం నేర్చుకునే చోటు సంఘాల ఆడవాళ్లతో నడిపే వర్క్‌షాప్. కాబట్టి వర్క్‌షాప్‌ను ఏ పద్ధతిలో నడిపారన్నది చిన్న విషయం కాదు, అమలు అక్కడే మొదలవుతుంది లేదా అక్కడే ఆగిపోతుంది.

సంతకం తర్వాత ఏం జరుగుతుంది

మన దేశంలో అంతర్జాతీయ ఒప్పందం మీద సంతకం పెట్టగానే అది చట్టం అయిపోదు. రాజ్యాంగంలోని 253వ అధికరణం ప్రకారం దాన్ని అమలు చేసే చట్టాన్ని పార్లమెంటు చేయవచ్చు. చట్టం వచ్చాక నిబంధనలు, ఆ తర్వాత జీవోలు, ఆ తర్వాత అధికారుల నియామకం, బడ్జెట్. ఈ గొలుసులో ఏ కొక్కెం ఊడినా ఊరిదాకా ఏమీ రాదు. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చి 2006 అక్టోబర్ 26న అమల్లోకి వచ్చింది. దాని ఉద్దేశాల ప్రకటనలోనే 1995లో ప్రపంచ మహిళా సదస్సు చేసిన బీజింగ్ ప్రకటన పేరూ, సీడా అమలును పరిశీలించే ఐక్యరాజ్యసమితి కమిటీ సిఫార్సు పేరూ ఉన్నాయి. అంటే బీజింగ్‌లో చెప్పిన మాట నల్లగొండలో బాధితులకు సాయపడే ప్రొటెక్షన్ ఆఫీసర్ కుర్చీగా మారడానికి పదకొండేళ్లు పట్టిందన్నమాట.

కొన్నిసార్లు కోర్టు దగ్గరి దారి వేస్తుంది. రాజస్థాన్‌లో ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో 'సాథిన్'గా పనిచేసిన భన్వరీ దేవి 1992లో ఒక బాల్యవివాహాన్ని ఆపబోయి సామూహిక అత్యాచారానికి గురైంది. ఆ ఘటన తర్వాత మహిళా సంఘాలు వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు ఇచ్చింది. పని చోట లైంగిక వేధింపుల మీద దేశంలో చట్టం లేదు కాబట్టి, సీడాను రాజ్యాంగ హక్కులతో కలిపి చదివి, చట్టం వచ్చేదాకా పాటించాల్సిన మార్గదర్శకాలు రాసింది. చట్టం 2013లో వచ్చింది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సాథిన్‌లు ఉపన్యాసాలు విని తయారైన వాళ్లు కాదు. ఊరి ఆడవాళ్ల నుంచే ఎంపికై, గుండ్రంగా కూర్చుని తమ బతుకు గురించి తామే మాట్లాడుకునే శిక్షణల నుంచి వచ్చారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ ప్రశ్నకు మొదలు అక్కడుంది.

మన దగ్గరా ఇలాంటి ఉదాహరణ ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్య పాఠం సారా వ్యతిరేక ఉద్యమానికి నిప్పు రాజేసింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పాఠంలో ఆడవాళ్లకు తమ ఇల్లు కనిపించింది, ఆ ఇంటి గురించి ఎవరిని అడగాలో వాళ్లే తేల్చుకున్నారు.

స్టేజీ మీటింగు, నేల మీటింగు

మండల కేంద్రంలో మహిళా హక్కుల శిక్షణ అంటే సాధారణంగా ఎలా ఉంటుందో సంఘాల్లో తిరిగిన వాళ్లకు తెలిసిందే. స్టేజీ మీద ఫ్లెక్సీ. ముందు వరుసలో అధికారులు. ఒకరి తర్వాత ఒకరు చట్టాల పేర్లు చదువుతారు. పొద్దున తొమ్మిదింటికి రమ్మన్న ఆడవాళ్లు పదకొండున్నరకు మొదలైన మీటింగులో సంతకాలు పెట్టి, భోజనం చేసి, పశువుల వేళకు ఇంటికి పోవాలని తొందరపడతారు. చెప్పినవాళ్లకు చెడ్డ ఉద్దేశం లేదు, చాలామంది నిజంగా కష్టపడి చెబుతారు. తప్పు పద్ధతిలో ఉంది. చట్టం పేరు దగ్గర మొదలుపెట్టి మనిషి దగ్గరికి రావాలని చూస్తారు, వచ్చేలోపు సమయం అయిపోతుంది.

దాన్ని తిరగెయ్యాలి. ఆమె రోజు దగ్గర మొదలుపెట్టి, ఆమె ఎక్కే ఆఫీసు మెట్టు మీదుగా చట్టానికి, చట్టం నుంచి ఒప్పందంలోని వాక్యానికి పోవాలి. సీడా అన్న మాట మొదటి రోజు మధ్యాహ్నం దాకా ఎవరి నోటా రాకపోయినా నష్టం లేదు.

ఇందుకు బాగా పనికొచ్చే పద్ధతి ఇరవైనాలుగు గంటల గడియారం. నేల మీద ముగ్గుపిండితో పెద్ద వృత్తం గీసి గంటలుగా విడగొడతారు. కూలి పనికి కందులు, ఇంటి పనికి జొన్నలు, విశ్రాంతికి శనగలు. ప్రతి గుంపూ తన రోజును గింజలతో నింపుతుంది. పక్కన ఇంకో వృత్తంలో ఇంటి మగవాళ్ల రోజు. పాలమూరులోనైనా నల్లగొండలోనైనా ఒక్క గడియారం సరిపోదు. నాట్ల కాలానికి ఒకటి, పత్తి తీతకు ఒకటి, పని దొరకని ఎండాకాలానికి ఒకటి వెయ్యాలి. వలస పోయే కుటుంబాల్లో ముంబైలోనో హైదరాబాద్‌లోనో గుంపు మేస్త్రీ కింద పనిచేసే రోజుకు వేరే గడియారం కావాలి.

'ఏం పని చేస్తావమ్మా' అంటే 'ఏం లేదు, ఇంటి దగ్గరే' అని చెప్పే మనిషి గడియారంలో జొన్నలు కుప్ప పడతాయి. అప్పుడు దేశం లెక్క చెప్పొచ్చు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం కూలి రాని ఇంటి పనిలో పాల్గొన్న ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు ఖర్చు పెట్టారు. ఈ అంకె ముందే చెబితే విని మర్చిపోతారు. గింజలు పోశాక చెబితే, మా దగ్గర ఇంకా ఎక్కువే అని వాదిస్తారు. ఆ వాదన మొదలైందంటే వర్క్‌షాప్ నడుస్తోందని అర్థం.

నల్లగొండ పడమటి మండలాల్లో ఈ గడియారం ఇంకో సంగతి కూడా బయటపెడుతుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు తరతరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులున్నారు. వాళ్లను లేపడం, కూర్చోబెట్టడం, స్నానం చేయించడం ఎవరి పని? దాదాపు ప్రతి ఇంట్లోనూ అమ్మదో భార్యదో కోడలిదో. ఫ్లోరోసిస్ గురించి మాట్లాడినంతగా ఆ సేవ గురించి ఎవరూ మాట్లాడరు. 2015లో ప్రపంచ దేశాలు ఒప్పుకున్న సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో ఐదోది స్త్రీ పురుష సమానత్వం. అందులో 5.4 అంశం, జీతం లేని సేవా పనిని గుర్తించాలని, ప్రజా సేవలతో, సామాజిక రక్షణతో ఆ భారం తగ్గించాలని చెబుతుంది. మర్రిగూడలో ఆ వాక్యానికి అర్థం ఏమిటి? వికలాంగ పింఛను జబ్బు మనిషికి వస్తుంది. రాత్రింబగళ్లు కనిపెట్టుకుని ఉండే మనిషి కూలి పోతుంది. ఆ పోయిన కూలికి లెక్క ఎక్కడుంది? ఫిజియోథెరపీ ఊరికి వస్తుందా, ఆమే మోసుకుని జిల్లా ఆస్పత్రికి పోవాలా? ఇవి సంఘం రాతపూర్వకంగా అడగగల ప్రశ్నలు.

పోచంపల్లి, ఆలేరు వైపు చేనేత ఇళ్లలో గడియారం ఆసు పోయడం దగ్గర ఆగుతుంది. చిటికీ (ఇక్కత్) చీరకు నూలు సిద్ధం చేసే ఆ పనిలో ఆడవాళ్లు రోజుకు వేలసార్లు చేయి అటూ ఇటూ తిప్పుతారు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు, దానికే 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక కొడుకు కళ్లారా చూశాడు కాబట్టి యంత్రం పుట్టింది. అంతకాలం ఆ పని నేత పనిలో కలిసిపోయి, విడిగా కూలి లేకుండా జరిగింది.

కూలి దగ్గరికి వస్తే ఇంకో ముడి ఉంది. సమాన వేతనంపై అంతర్జాతీయ కార్మిక సంస్థ వందో ఒడంబడికను మన దేశం 1958లోనే ఆమోదించింది. ఆ ఒడంబడిక, సీడా 11వ అధికరణం రెండూ 'సమాన విలువ గల పని'కి సమాన వేతనం అంటాయి. 1976 సమాన వేతన చట్టం మాత్రం 'అదే పని లేదా అలాంటి పని' అంది. 2019 వేతనాల కోడ్ కూడా ఆ మాటే నిలబెట్టింది. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ పొలంలో అదే పెద్ద తేడా. నాట్లు, కలుపు, పత్తి తీత ఆడవాళ్ల పని. మందు కొట్టడం, గట్లు చెక్కడం, బస్తాలు మోయడం మగవాళ్ల పని. పనులే వేరు చేసి పెట్టినప్పుడు 'అదే పని' అని పోల్చడానికి ఏముంటుంది? కూలి తేడా చట్టం కింద నుంచి జారిపోతుంది. వర్క్‌షాప్‌లో దీన్ని తేల్చడానికి వ్యవసాయ పనులన్నీ చీటీల మీద బొమ్మలుగా వేసి ఒక్కోదానికి నాలుగు రకాల రాళ్లు పెట్టమంటారు. నేర్పు ఎంత, శ్రమ ఎంత, బాధ్యత ఎంత, ఒంటికి హాని ఎంత అని. రోజంతా బురదలో నడుము వంచి వేసే నాట్లకు ఎన్ని రాళ్లు పడ్డాయో చూశాక, సమాన విలువ అన్న మాటకు ఎవరూ నిర్వచనం చెప్పక్కర్లేదు.

పాస్‌బుక్ మీద పేరు

భూమి గురించి మాట్లాడేటప్పుడు నేల మీద నాలుగు గళ్లు గీస్తే చాలు. భూమి నా పేరు మీద, భర్త పేరు మీద, మామ పేరు మీద, ఎవరి పేరు మీదా లేదు. ఎవరి గడిలో వాళ్లు నిలబడాలి. తర్వాత ఒక్కో ప్రశ్న. నాట్లు వేసేది ఎవరు? కలుపు తీసేది ఎవరు? పంట రుణం ఎవరి పేరు మీద? మార్కెట్‌లో డబ్బు ఎవరి ఖాతాలో పడింది?

తెలంగాణలో ఈ గడులకు డబ్బు విలువ ఉంది. 2018లో మొదలైన రైతుబంధు, ఇప్పటి రైతు భరోసా, పట్టా ఉన్న మనిషి ఖాతాకే వెళ్తుంది. అదే ఏడాది ఆగస్టు 15న వచ్చిన రైతు బీమా కింద 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. ముప్పై ఏళ్లు అదే పొలంలో వంగిన భార్య పాము కాటుకు చనిపోతే, పాస్‌బుక్ మీద ఆమె పేరు లేదు కాబట్టి ఆ ఇంటికి ఆ 5 లక్షలు రావు. సర్కారు లెక్కలో ఆమె రైతు కాదు. సీడా 14వ అధికరణం వ్యవసాయ రుణంలో, మార్కెట్‌లో, భూ సంస్కరణల్లో సమానంగా చూడాలంటుంది. 16వ అధికరణం భార్యాభర్తలకు ఆస్తి మీద సమాన హక్కులు అంటుంది. ఆ రెండు వాక్యాలు మన జిల్లాల్లో వచ్చి నిలబడే చోటు ఈ పాస్‌బుక్.

చట్టం వైపు చూస్తే తెలుగు నేల వెనకబడి లేదు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబర్ 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమాన వాటా వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 సెప్టెంబర్ 9 దాకా పట్టింది. అయినా విరాసత్, అంటే వారసుల పేరు మీదికి భూమి మార్పు చేయించేటప్పుడు జరిగేది వేరు. 'ఆడబిడ్డ సంతకం' పెట్టించుకుని అన్నదమ్ములు పట్టా చేయించుకుంటారు. పుట్టింటికి దారి మూసుకుపోతుందన్న భయంతో ఆమె సంతకం పెడుతుంది. పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం మాట మీదే ఉండిపోతుంది.

ఈ భయాన్ని ఉపన్యాసంతో పోగొట్టలేం. నాటిక వేయిస్తే కొంత ఫలితం ఉంటుంది. అన్న, చెల్లె, తల్లి, పెద్దమనిషి, తహసీల్దార్ ఆఫీసు మనిషి అని పాత్రలు పంచి, సంతకం అడిగే సన్నివేశం ఆడించాలి. చూసేవాళ్లలో ఎవరైనా చెయ్యెత్తి ఆట ఆపవచ్చు, చెల్లె స్థానంలోకి వచ్చి వేరే జవాబు చెప్పి చూడవచ్చు. 'కాదు అన్నా' అనడానికి ఎన్ని రకాల మాటలున్నాయో అక్కడ బయటపడుతుంది. కొందరు సగం వాటా అడుగుతారు, కొందరు అమ్మ బతికున్నంతకాలం అమ్మ పేరు మీద ఉంచమంటారు. చివరి మాట చాలా తెలివైంది. భర్త పోయిన ఇంట్లో పొలం ముందు తల్లి పేరు మీదికి వస్తే, ఆ ఊరి భూమి రికార్డు అయిన పహాణీలో ఒక ఆడమనిషి పేరు పెరుగుతుంది.

సాధ్యం కాదన్న చోట సాధ్యమైంది

ఒప్పందాన్ని ఆమోదించేటప్పుడు మన దేశం కొన్ని మినహాయింపులు ప్రకటించింది. సీడా 16వ అధికరణం రెండో భాగం బాల్యవివాహం చెల్లదని, పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయాలని చెబుతుంది. దానికి భారత ప్రభుత్వం, సూత్రంగా ఒప్పుకుంటాం గానీ ఇన్ని ఆచారాలు, మతాలు, అక్షరాస్యతలో ఇంత తేడా ఉన్న విశాల దేశంలో తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఆచరణలో కుదరదని రాసింది. వర్క్‌షాప్‌లలో ఈ ప్రకటన మీద తప్పకుండా చర్చ పెట్టాలి. ఎందుకంటే కుదరదన్న పనినే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో పెళ్లిళ్ల తప్పనిసరి రిజిస్ట్రేషన్ చట్టంతో మొదలుపెట్టింది. 2006లో సీమ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ అదే చెప్పింది. ఢిల్లీ 1993లో చేతులెత్తేసిన పని పంచాయతీ కార్యదర్శి టేబుల్ మీది రిజిస్టర్‌లో జరుగుతోంది.

పూర్తిగా జరుగుతోందా అంటే, లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. 2014 అక్టోబర్ 2న మొదలైన కల్యాణలక్ష్మి, షాదీముబారక్ పథకాలు పెళ్లికూతురికి పద్దెనిమిది నిండాలని షరతు పెట్టాయి. ఇప్పుడు ఆ సాయం 1,00,116 రూపాయలు. వయసు రుజువు అడగడం మంచిదే. కానీ ఆడపిల్ల చదువుకు అందని లక్ష రూపాయలు ఆమె పెళ్లికి అందడం సరైన వరసేనా అన్నది తల్లులే మాట్లాడుకోవాల్సిన విషయం, వాళ్లు చాలా సూటిగా మాట్లాడతారు కూడా. గద్వాల వైపు పత్తి విత్తన చేన్లలో క్రాసింగ్ పనికి (చేత్తో పూలకు పుప్పొడి అంటించే పనికి) బడి మాన్పించిన ఆడపిల్లలకు చదువు, కూలి, పెళ్లి మూడూ ఒకే ముడిలో ఉంటాయి. తేదీలు రాసిన తాడు పరిచి, అమ్మాయి బడి మానిన నెల, పనికి పోయిన నెల, సంబంధం వచ్చిన నెల గుడ్డముక్కలతో కట్టించే చిన్న పద్ధతి ఉంది. ఏ ముడి దగ్గర ఎవరు చెయ్యి పెట్టి ఉంటే ఆగేదో దాని మీద కనిపిస్తుంది. టీచరా, అంగన్‌వాడీ కార్యకర్తా, హాస్టల్ సీటా?

దేవరకొండ, చందంపేట తండాల సంగతి ఇంకా సున్నితం. 1990ల చివర్లో, 2000ల మొదట్లో అక్కడి ఆడశిశువుల అమ్మకాల వార్తలు దేశమంతా చర్చకు వచ్చాయి. ఆ తర్వాత తండాలకు ఎంతోమంది వెళ్లారు. చాలామంది తల్లులకు బుద్ధులు చెప్పారు. సమస్య చెట్టు అనే పద్ధతి ఇలాంటి చోట మేలు. కాండం మీద సమస్య రాసి, ప్రతి వేరు దగ్గరా 'ఎందుకు' అని అడుగుతూ కిందికి పోతారు. వరుడి వైపు నుంచి పెళ్లికూతురికి ఓలి ఇచ్చే లంబాడీల పాత ఆచారం పోయి కట్నం ఎందుకు వచ్చింది, వాన లేని భూమి, అప్పు, వలస, కొడుకు కోసం వరసగా కాన్పులు, దూరాన ఉన్న ఆస్పత్రి. చెట్టు వేర్లన్నీ తల్లి దగ్గర ఆగవని తండా ఆడవాళ్లే చెబుతారు. ఆ చర్చ తెలుగులో పెట్టకూడదు, లంబాడీల భాష గోర్ బోలిలో జరగాలి. మక్తల్, నారాయణపేట వైపు కొన్ని ఊళ్లలో కన్నడ కలిసిన మాట కావాలి. చెప్పేవాళ్ల భాషలో కాక వినేవాళ్ల భాషలో జరగడం కూడా పద్ధతిలో భాగమే.

కనపడని కమిటీ

2013 చట్టం ప్రకారం పదిమంది లోపు పనిచేసే చోట్ల, ఇళ్లలో పనిచేసే వాళ్లకు, అసంఘటిత రంగంలోని ఆడవాళ్లకు లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు చేసుకోవడానికి ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. మండల స్థాయిలో ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లో కమిటీకి పంపే నోడల్ ఆఫీసర్ ఉండాలి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో దుమ్ము ఊడ్చే మనిషికి, ఇటుక బట్టీలో ఇటుకలు మోసే మనిషికి, పొలంలో కూలికి పోయే మనిషికి విశాఖ తీర్పు ఈ కమిటీ రూపంలోనే చేరాలి. చట్టం వచ్చి పదకొండేళ్లు దాటాక కూడా 2024 డిసెంబర్ 3న సుప్రీంకోర్టు, జిల్లా అధికారులను నియమించండి, 2025 జనవరి 31లోగా స్థానిక కమిటీలు వేయండి అని గడువు పెట్టాల్సి వచ్చింది.

దీని మీద వర్క్‌షాప్‌లో గంట చాలు. ఒక ఊహాజనిత ఘటన చెప్పి, 'ముందు ఎవరికి చెబుతారు?' అని అడగాలి. అక్క, సంఘం లీడర్, వీవోఏ (గ్రామ సమాఖ్య సహాయకురాలు), మేస్త్రీ, సర్పంచ్, పోలీసు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయపడే సఖి కేంద్రం, మహిళా హెల్ప్‌లైన్ 181. నేల మీద గీత గీస్తూ పోతే ఏ గీత ఎక్కడ తెగిందో తెలుస్తుంది. స్థానిక కమిటీ పేరు ఎవరి గీతలోనూ రాకపోతే, అదే ఆ రోజు దొరికిన ఫలితం. వెంటనే రాయాల్సిన కాగితం కూడా అదే: మన జిల్లా స్థానిక కమిటీ అధ్యక్షురాలు ఎవరు, మన మండలం నోడల్ ఆఫీసర్ ఎవరు, ఫోన్ నంబర్ ఏ గోడ మీద రాశారు?

ఒక జాగ్రత్త ఇక్కడ చెప్పి తీరాలి. ఎవరికి ఏం జరిగిందో అందరి ముందూ చెప్పమని అడగకూడదు. ధైర్యం చెప్పే పేరుతో ఏడిపించి, సాయంత్రానికి ఎవరి దారిన వాళ్లు పోతే, ఆమె ఒక్కతే ఆ ఊళ్లో మిగులుతుంది. అందుకే కథ ఊహించిందై ఉండాలి, పక్క గదిలో మాట వినే మనిషి ఉండాలి, వెనక కుర్చీలో భర్తలో మేస్త్రీలో కూర్చోకూడదు. ఆడపిల్లను దేవుడి పేరుతో అంకితం చేసే జోగినీ ఆచారం మీద మాట్లాడేటప్పుడు ఇది మరీ ముఖ్యం. 1988లోనే నిషేధ చట్టం వచ్చినా పాలమూరు సరిహద్దు ఊళ్లలో ఆ ముద్ర మోస్తున్న ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లను లేపి నిలబెట్టి పరిచయం చేయడం మర్యాద కాదు. వృత్తంలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో కూడా చూసుకోవాలి. దళితవాడ ఆడవాళ్లు ఒక పక్కకు ఒదిగితే, సమానత్వం మీద ఎంత గొప్పగా మాట్లాడినా ఆ రోజు పాఠం ఆ ఒదగడమే అవుతుంది.

వేళ గురించి కూడా. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పత్తి తీతలో రోజు కూలి పోగొట్టుకుని రమ్మనడం అన్యాయం. రమ్మంటే కూలి నష్టం కట్టివ్వాలి, చంటిపిల్లల్ని చూసుకునే మనిషిని పెట్టాలి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది కాబట్టి చార్జీల గొడవ తగ్గింది గానీ, బస్సు పోని తండాకు ఆటో ఖర్చు అలాగే ఉంది.

కాగితం ఎటు పోతుంది

రెండో రోజు చివరి మూడు గంటలు దేనికీ వదులుకోకూడదు. గోడకు పెద్ద కాగితం అంటించి ఐదు గడులు గీయాలి. మొదటి గడిలో సంఘం చెప్పిన సమస్య వాళ్ల మాటల్లోనే. రెండో గడిలో దానికి తగిలే చట్టం, మూడో గడిలో ఒప్పందంలోని వాక్యం. నాలుగో గడిలో బాధ్యత ఉన్న అధికారి హోదా. ఐదో గడిలో ఏ తేదీకి ఎవరు వెళ్లి అడుగుతారు. మొదటి గడి నింపడం తేలిక. నాలుగో గడి దగ్గర అందరూ ఆగిపోతారు. 'ప్రభుత్వం' అని రాస్తారు. ప్రభుత్వం అన్న మాట కొట్టేసి తహసీల్దార్, సీడీపీవో (అంగన్‌వాడీలను చూసే ప్రాజెక్టు అధికారి), పంచాయతీ కార్యదర్శి, కలెక్టర్ అని రాసేదాకా ఓపిక పట్టడమే నడిపించే మనిషి పని. 'చైతన్యం పెంచాలి' అన్న మాట ఐదో గడిలో రాయనివ్వకూడదు.

ఆ కాగితం నుంచి దరఖాస్తులు పుడతాయి. సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగవచ్చు, ముప్పై రోజుల గడువు ఉంటుంది. గ్రామసభలో తీర్మానం రాయించవచ్చు. కేంద్రం 2005–06 నుంచి బడ్జెట్‌తో పాటు, ఆడవాళ్ల కోసం ఎంత కేటాయించారో చూపే జెండర్ బడ్జెట్ ప్రకటన ఇస్తోంది. పంచాయతీ బడ్జెట్‌లో ఆడవాళ్ల అవసరాలకు ఎంత పెట్టారన్న ప్రశ్న సర్పంచ్‌నూ అడగవచ్చు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో సగం సర్పంచ్ పదవులు ఆడవాళ్లవే కాబట్టి, చాలా ఊళ్లలో ఆ ప్రశ్న వినేది కూడా ఆడమనిషే. ఆమెను పక్కన పెట్టి భర్త జవాబు చెప్పబోతే, అది కూడా రాసుకోవాల్సిన సంగతే. సీడా 7వ అధికరణం ప్రజా పదవుల్లో ఆడవాళ్లు పాల్గొనడం గురించే.

కింది నుంచి పైకి పోయే దారి కూడా ఉంది, దాన్ని మన జిల్లాల్లో చాలా తక్కువ వాడుకున్నారు. సీడా 18వ అధికరణం ప్రకారం ప్రతి ప్రభుత్వం కనీసం నాలుగేళ్లకోసారి అమలు నివేదిక ఇవ్వాలి. భారతదేశం నివేదికలను కమిటీ 2000లో, 2007లో, 2014లో పరిశీలించింది. ప్రభుత్వ నివేదికతో పాటు మహిళా సంఘాలు ప్రత్యామ్నాయ నివేదికలు పంపుతాయి, కమిటీ వాటిని చదువుతుంది. 2016లో గ్రామీణ మహిళల హక్కులపై 34వ సాధారణ సిఫార్సు కూడా ఇచ్చింది. మునుగోడు సంఘం దగ్గరున్న ప్రజావాణి రసీదు, జవాబు రాని సమాచార హక్కు దరఖాస్తు, కొట్టేసి తిరగరాసిన తీర్మానం అలాంటి నివేదికలో ఒక పేరాకు ఆధారం అవుతాయి. పెద్ద పెద్ద మాటలు రాయడం కంటే తేదీలున్న కాగితాలు దాచుకోవడం ముఖ్యం. మండల సమాఖ్య ఆఫీసులో ఒక ఫైలు పెట్టుకుంటే చాలు.

రెండు రోజుల వర్క్‌షాప్‌తో ఇదంతా అయిపోదు కాబట్టి, లేచేముందే మళ్లీ కూర్చునే తేదీ రాసుకోవాలి. మూడు నెలలకు, నాట్లు మొదలయ్యేలోపు. గోడ మీది కాగితం చుట్టి ఒక సభ్యురాలి ఇంట్లో దాస్తారు. రెండోసారి కూర్చున్నప్పుడు దాన్నే పరిచి, ఐదో గడిలో పేరున్న వాళ్లను వరసగా అడుగుతారు: పోయావా అక్కా, ఎవరు కలిశారు, ఏమన్నారు, రసీదు తెచ్చావా?